ఉక్కు గొట్టముతో గోడదీపము

విద్యుత్తీగెలకు రక్షణగా గోడలపై అమర్చు ఉక్కు కాండ్యూట్ గొట్టముతో గ్రంథాలయమునకో, పశువుల కొట్టమునకో పనికివచ్చు గోడదీపమును చేయవచ్చును. ఈ పనిలో పాటింపవలసిన జాగ్రత్తలను ఇచట వివరించుచున్నాము.

సామాన్యముగా 20 మి.మీ. గొట్టము చాలును. వంచునపుడు దాని అతుకు గీత వంపునకు లోపలగాని వెలుపలగాని రాక ప్రక్కగా నుండవలెను, లేనిచో విచ్చుకొనవచ్చును. వంపు లోపలి వ్యాసార్ధము గొట్టపు వెలుపలి వ్యాసమునకు కనీసము రెండున్నర రెట్లు, అనగా 50 మి.మీ. ఉండవలెను. కొలదికొలదిగా వంచినచో గొట్టము నొక్కుకొనిపోదు.

పిమ్మట గొట్టమును వైసునందు బిగించి, కొనకు నూనె పూసి, డైతో మరలు కోయవలెను. కొంత ముందునకు, మరికొంత వెనుకకు త్రిప్పుచుండినచో ఇనుప రజను తెగి రాలిపోవును.

ఇక మిక్కిలి ముఖ్యమైనది. కోసిన గొట్టపు లోపలి అంచున కత్తివంటి పదును మిగులును. గుండ్రని ఆకురాతితో దానిని నునుపు చేసి, రజనును దులిపివేయవలెను. ఇట్లు చేయక తీగెను లాగినచో దాని పైతొడుగు చీలి, గొట్టమునకు విద్యుత్తు సోకును. తడిచేతితో తాకినవారికి ప్రాణాపాయము కలుగును.

కావున గొట్టమునకు ఎర్త్ తీగెను తప్పక కలిపి, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేసిన పిమ్మటనే దీపమును వెలిగింపవలెనని మనవి చేయుచున్నాము. ఆకురాతితో చేయు ఆ కొద్దిపాటి శ్రమయే ఇంటిల్లిపాదికి రక్ష.