మరపునకు మూలం కాలేయంలో ఉండవచ్చు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌ను ఆనుకొని ఉన్న బీర్‌గావ్ ఒక పారిశ్రామిక పట్టణం. అచటి ఉర్లా ప్రాంతపు ఉక్కు కర్మాగారాలలో కొలిమి ఎదుట నిలిచే కార్మికునికి ఏకాగ్రతయే రక్షణ కవచం. అట్టివాడు పనిలో తడబడితే, చెప్పినది మరచితే సోమరి అని నిందించడం లోకరీతి. ఆ మరపునకు కారణం కాలేయంలో ఉండవచ్చునని ఎందరు ఊహించగలరు?

హెపటైటిస్-బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి ఏ బాధా తెలియనీయకుండా కాలేయాన్ని దెబ్బతీయగలవు. ప్రేగులలో పుట్టే అమోనియాను యూరియాగా మార్చడం కాలేయపు విధులలో ఒకటి. కాలేయం గట్టిపడి క్షీణించినప్పుడు ఆ అమోనియా రక్తం ద్వారా మెదడును చేరి దాని పనికి ఆటంకం కలిగిస్తుంది. పగటి నిద్రమత్తు, రాత్రి మెలకువ, దస్తూరి మారడం, లెక్కలలో పొరపాట్లు తొలి సూచనలు. ముదిరితే స్పృహ తప్పవచ్చు. సి-రకం సోకిన కొందరిలో కాలేయం అంతగా చెడకముందే అలసట, ఏకాగ్రతాలోపం కనిపిస్తాయి.

ఈ వైరస్‌లు ముఖ్యంగా రక్తం, శుభ్రపరచని సూదుల ద్వారాను, తల్లి నుండి శిశువుకును సంక్రమిస్తాయి. బి-రకం లైంగిక సంపర్కం వల్ల కూడా వ్యాపిస్తుంది. సహపంక్తి భోజనం వల్ల సోకవు. కనుక రోగిని వెలివేయడం అజ్ఞానం.

నివారణలో తెలుగునాటి పాత్ర గణనీయం. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో బి-రకానికి స్వదేశీ టీకాను చౌకగా అందించింది. సి-రకానికి టీకా లేకున్నా, సాధారణంగా 12 వారాల మాత్రలతో అత్యధికులకు నయమవుతుంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద పరీక్షలు, మందులు ఉచితం.

ప్రతి మరపూ కాలేయవ్యాధి కాదు. అయినను నిందకు ముందు రక్తపరీక్ష జరగడం న్యాయం.