అధికారి దినచర్య – నాయకత్వం

నాయకత్వమనగానే మన మనస్సులో వేదికలు, ఉపన్యాసాలు, గొప్ప గొప్ప నిర్ణయాలు మెదులుతాయి. కాని ఒక సంస్థను నడిపే అధికారి దినచర్యను దగ్గరనుండి చూచినవారికి కనిపించే దృశ్యం వేరు. కెనడా దేశపు ఆచార్యులు హెన్రీ మింట్జ్‌బర్గ్ ఐదుగురు ప్రధానాధికారుల పనితీరును ఒక్కొక్కరి చెంత ఒక్కొక్క వారం చొప్పున గమనించి, ఆ వివరాలను 1973లో గ్రంథరూపంలో వెలువరించారు. వారు చేపట్టిన పనులలో సగం తొమ్మిది నిమిషాలలోపే ముగిశాయి. గంటకు మించి సాగినవి నూటికి పది మాత్రమే. అనగా, తీరిక చిక్కినప్పుడు నాయకత్వం వహిద్దామనుకొనే అధికారికి ఆ తీరిక ఎన్నటికీ చిక్కదు. ఆ కొద్ది నిమిషాలలో అతడు ప్రవర్తించే తీరే అతని నాయకత్వం. ఆలోచనకు వ్యవధి లేనిచోట మనిషిని నడిపించేది అలవాటే.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఉపకారవేతనం దరఖాస్తు నిమిత్తం మా నాన్నగారు ఒక కార్యాలయానికి మూడు పర్యాయాలు తిరిగారు. కుట్టుపనితో సంసారం ఈదే ఆయనకు ప్రతి పర్యాయమూ ఒక పూట సంపాదన పోయేది. అక్కడి అధికారి తలయెత్తకుండానే “రేపు రండి” అనేవారు. నాలుగవమారు ఆ స్థానంలోనికి కొత్తగా వచ్చిన అధికారిణి దరఖాస్తు చదివి, లోపించిన పత్రం పేరును, మరల రావలసిన తేదీని ఒక చీటీపై వ్రాసి ఇచ్చారు. అందుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పిన తేదీకి పని పూర్తయింది. ఇద్దరికీ పని ఒత్తిడి సమానమే. అలవాట్లు మాత్రమే వేరు.

అటువంటి అలవాట్లలో మొదటిది గడువును నిత్యం కంటికెదురుగా ఉంచుకొనడం. ఢిల్లీ మెట్రో నిర్మాణకాలంలో ఇ. శ్రీధరన్ గారు, గడువుకు ఇంకెన్ని రోజులు మిగిలినవో చూపే గడియారాలను ఏర్పాటు చేయించారు. ఎవరూ హెచ్చరించనక్కరలేకుండా ఆ అంకెయే అందరినీ హెచ్చరించేది. అక్కడ తొలి రైలుమార్గం 2002 డిసెంబరు 24న ప్రారంభమైంది.

రెండవది, స్వయంగా వెళ్ళి చూడడం. జపానులోని టయోటా కర్మాగారంలో తైచీ ఓనో గారు నేలపై సుద్దముక్కతో వలయం గీసి, అందులో ఇంజనీరును నిలబెట్టి, ఎదుట జరుగుతున్న పనిని గమనించమనేవారని చెబుతారు. కాగితంపై కనిపించని లోపం కంటికి కనిపిస్తుందని ఆయన విశ్వాసం. అధికారి రోజుకు పది నిమిషాలు తన గది విడిచి పని జరిగే చోట నిలిచినా ఆ ప్రయోజనం కొంత సిద్ధిస్తుంది.

మూడవది, నిందను తాను స్వీకరించి, కీర్తిని ఇతరులకు పంచడం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. నాటి ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధవన్ గారు పత్రికలవారి ఎదుట ఆ వైఫల్య భారాన్ని తానే వహించారు. 1980 జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం మాట్లాడే అవకాశాన్ని ఆ పథకానికి సారథియైన అబ్దుల్ కలాం గారికి అప్పగించారు. కలాం గారు ఈ సంగతిని జీవితాంతం కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

ఈ అలవాట్లకు ధనమక్కరలేదు, పెద్ద పదవీ అక్కరలేదు. పగలంతా ఎంత పని ఉన్నా, సాయంకాలం ఒక చిన్న పుస్తకంలో మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొంటే చాలు: నేడు ఎవరికి మాట ఇచ్చితిని? స్వయంగా ఏమి చూచితిని? ఎవరి శ్రమను నలుగురిలో గుర్తించితిని?

విద్యార్థులారా! రేపు మీలో కొందరు అధికారులవుతారు. మీ బల్ల ముందు దరఖాస్తు చేతబట్టుకొని ఎవరి తండ్రియో నిలబడతాడు. ఆనాడు తలయెత్తి చూడగలగాలంటే, ఆ అలవాటు నేడే తరగతిగదిలో, వసతిగృహంలో, విద్యార్థి సంఘంలో అలవడాలి. కళాశాల నిర్వహణ భారం వహిస్తున్న పెద్దలకూ, అధ్యాపకులమైన మాకూ ఈ మాట వర్తిస్తుందని సవినయంగా మనవి చేస్తున్నాను.