ఫుల్‌ ట్యాంకు నుంచి ఫుల్‌ ట్యాంకుకి

గుమ్మడిదలలో కొత్త కారు కొన్నవాళ్ళు చాలామంది ముందు బొంతపల్లి వీరభద్రస్వామి గుడికి వెళ్ళి పూజ చేయిస్తారు. ఇంటికొచ్చి బండి ఆపగానే పక్కింటివాళ్ళు అడిగే మాట ఒక్కటే: "ఎంతిస్తదన్నా?" షోరూంలో విన్న అంకె చెప్తాం, లీటరుకి 20 అనో 22 అనో. నెల తిరిగాక అదే మనిషి మళ్ళీ అడిగితే 13, 14 అని చెప్పాల్సి వస్తుంది. ఇంక అనుమానాలు మొదలు. బండిలో లోపమా, బంకులో తక్కువ పోశారా, షోరూంవాళ్ళు మాయ చేశారా?

నేను ఈ పక్కనే మందుల ఫ్యాక్టరీలో బాయిలర్‌ విభాగంలో పనిచేస్తాను. ఎంత ఇంధనం మండింది, దాంతో ఎంత ఆవిరి వచ్చింది అని షిఫ్టు షిఫ్టుకీ రాసిపెట్టడం నా ఉద్యోగం. మా ఇంటికి పెట్రోలు కారు వచ్చినప్పటి నుంచి దానికీ అలాంటి లెక్క రాస్తున్నాను. ఈ అనుమానాల్లో చాలావాటికి జవాబు అందులో దొరికింది.

షోరూం అంకె అబద్ధం కాదు. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు పరీక్షించి ధ్రువీకరించిందే. అయితే ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో రోలర్ల మీద చక్రాలు తిరుగుతుంటాయి, కారు ఉన్నచోటే ఉంటుంది. ఏ సెకనుకి ఎంత వేగమో ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం నడుపుతారు. అంతా 20 నిమిషాల్లోపే, 11 కిలోమీటర్ల లోపే ముగుస్తుంది. వేగం ఎప్పుడూ 90 దాటదు, సగటున గంటకు 32 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఏసీ వేయరు. మే నెల ఎండ ఆ గదిలోకి రాదు. పైగా అక్కడ పెట్రోలును నేరుగా కొలవరు. సైలెన్సర్‌ నుంచి వచ్చే వాయువులను పట్టి, వాటిలో కార్బన్‌ ఎంతుందో చూసి, అంత కార్బన్‌ రావాలంటే ఎంత పెట్రోలు మండి ఉండాలో లెక్కగడతారు. పొగను బట్టి మంట సంగతి చెప్పడం మేము బాయిలర్‌ దగ్గర రోజూ చేసే పనే. అందుకే ఆ పద్ధతి మీద నాకు గురి. రెండు మోడళ్ళలో ఏది నయమో తేల్చుకోవడానికి ఆ అంకెను నమ్మొచ్చు. జిన్నారం మీదుగా పటాన్‌చెరు వెళ్ళొస్తే లీటరుకి ఎంత వస్తుందో మాత్రం అది చెప్పలేదు.

ఆ దారి ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు తెలుసు. ఖాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, అటు పాశమైలారం ఫ్యాక్టరీలకు వెళ్ళే లారీలు, రసాయనాల ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు అన్నీ మన ముందే ఉంటాయి. షిఫ్టు మారే వేళైతే మొదటి గేరు, రెండో గేరు దాటనివ్వవు. లారీని దాటి వేగం అందుకునేలోపు స్పీడ్‌ బ్రేకరు. అది దిగి మళ్ళీ అందుకుంటే ఎదురుగా ఇంకో ట్యాంకరు. నలుగురు మనుషులు, డిక్కీలో బియ్యం బస్తాతో టన్ను పైగా తూగే బండిని 50 వేగానికి తేవడానికి కాల్చిన పెట్రోలు, బ్రేకు తొక్కగానే వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి కాల్చాలి. అసలే కారు ఇంజిన్లో పెట్రోలు శక్తి నూటికి 20, 25 పాళ్ళకు మించి చక్రాల దాకా రాదు. మిగతాదంతా రేడియేటర్‌లోంచి, సైలెన్సర్‌లోంచి వేడిగా పోతుంది. మంచి బాయిలర్‌ నూటికి 80 పాళ్ళు నిలుపుకుంటుంది. అందుకే కారు చక్రాల దాకా చేరిన ఆ కాస్త శక్తిని బ్రేకులకు ధారపోస్తుంటే నాకు మనసు ఒప్పదు.

ఏసీ వేసుకుని ఆగి ఉన్న చిన్న పెట్రోలు కారు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. రోజూ 20 నిమిషాలు అలా ఆగితే నెలకు 7 లీటర్ల పైన పోతుంది. అది ఒక్క కిలోమీటరు కూడా నడవని పెట్రోలు. పిల్లల్ని కిలోమీటరున్నర దూరంలోని బడిలో దింపి వచ్చే ప్రయాణమూ అలాంటిదే. చల్లగా ఉన్న ఇంజిన్‌ కాస్త ఎక్కువ పెట్రోలు తీసుకుంటుంది, నూనె చిక్కగా ఉంటుంది. ఇంజిన్‌ వేడెక్కే లోపే మనం ఇల్లు చేరతాం. అంత దూరానికి స్కూటర్‌ తీయమని మా ఇంట్లో గట్టిగానే చెప్పాను.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి నర్సాపూర్‌ అడవి మీదుగా మెదక్‌ వెళ్ళేది. కోతులు రోడ్డు మీదికొచ్చే చోట నెమ్మదిగా వెళ్ళాలి. మిగతా దారంతా టాప్‌ గేరులో 60, 70 మధ్య నిలకడగా పోవచ్చు. మెదక్‌ చర్చికి, ఏడుపాయల గుడికి వెళ్ళొచ్చిన నెలల్లో మా లెక్క లీటరుకి 18 దాటుతుంది. బండి అదే, పెట్రోలు పోసిన బంకూ అదే.

మంచి రోడ్డెక్కితే చాలు మైలేజీ దానంతట అదే వస్తుందని మాత్రం అనుకోవద్దు. దుండిగల్‌ దగ్గర ఔటర్‌ రింగ్‌ రోడ్డు ఎక్కితే సిగ్నలు లేదు, బ్రేకరు లేదు. 2023లో అక్కడ వేగ పరిమితిని 120కి పెంచారు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఎంత అడ్డు ఉంటుందో 120లో అంతకు రెండుంబావు రెట్లు. ఔటర్‌ మీద 80, 90 మధ్య ఎడమ వరసల్లో వెళ్ళేవాళ్ళకూ 120లో దూసుకెళ్ళేవాళ్ళకూ లీటరుకి వచ్చేదాంట్లో చాలా తేడా ఉంటుంది.

ఇక్కడ డ్రైవర్లలో ఒక అలవాటు ఉంది, పల్లం రాగానే న్యూట్రల్‌ చేసి బండిని వదిలేస్తారు. పెట్రోలు మిగులుతుందని వాళ్ళ నమ్మకం. కార్బురేటర్‌ రోజుల్లో అందులో కొంత నిజం ఉండేదేమో. ఇప్పటి ఇంజిన్లలో గేరు అలాగే ఉంచి యాక్సిలరేటర్‌ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలును పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్‌ ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్‌ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ పని చేయకండి. ముందు లారీ ఆగుతోందని దూరం నుంచే కనిపెట్టి కాలు తీయడం, నాకు తెలిసినంతలో, పైసా ఖర్చు లేకుండా మైలేజీ పెంచే అన్నిటికన్నా మంచి దారి.

పెట్రోలు సంగతీ చెప్పుకోవాలి. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. 10 శాతం మిశ్రమానికి తయారై 20 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 1, 2 శాతం తగ్గుతుందనీ, అసలు ఇథనాల్‌ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో 6, 7 శాతం తగ్గుతుందనీ 2021లో నీతి ఆయోగ్‌ రోడ్‌మ్యాప్‌ అంచనా వేసింది. కాబట్టి పాత కారున్నవాళ్ళ ఫిర్యాదులో బలం ఉంది. కొత్త కారు 20 ఇవ్వాల్సిన చోట 13 ఇస్తుంటే మాత్రం ఆ తేడా అంతా ఇథనాల్‌ మీద నెట్టడం కుదరదు.

లెక్క ఎలా కట్టాలని ప్లాంటులో కొత్తగా కారు కొన్న కుర్రాళ్ళు అడుగుతుంటారు. పంపు మొదటిసారి తనంతట తాను ఆగేదాకా ఫుల్‌ కొట్టించాలి. రౌండ్‌ ఫిగర్‌ కోసం ఆ మీద ఇంకొంచెం పోయనివ్వకూడదు. ట్రిప్‌ మీటర్‌ సున్నా చేసి, 400, 500 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర అలాగే ఫుల్‌ చేయించాలి. 462 కిలోమీటర్లకు 33 లీటర్లు పట్టిందంటే లీటరుకి 14. డ్యాష్‌బోర్డు తెర సాధారణంగా దీనికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక్క ట్యాంకు చూసి ఏ మాటా అనకండి, వరసగా మూడు నాలుగు చూడండి.

ఇంకొకటి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు మైలేజీ 12 నుంచి 14కి పెరిగితే దాదాపు 12 లీటర్లు మిగులుతాయి. అదే 20 నుంచి 22కి పెరిగితే మిగిలేది నాలుగున్నర లీటర్లే. మనలా లారీల మధ్య తిరిగేవాళ్ళకు చిన్న పెంపైనా చేతికి ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

ఈ లెక్కలు రాసుకున్న కాగితం సర్వీసింగ్‌ రోజున ఇంకా పనికొస్తుంది. ఎప్పుడూ 14 ఇచ్చే బండి అదే దారిలో వరసగా రెండు ట్యాంకులకు 11కి పడిపోతే ఏదో ఉన్నట్టే. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్‌ డోరు దగ్గర స్టిక్కర్‌ మీద రాసిన ప్రకారం గాలి పట్టించండి. కాసేపు నడిపాక నాలుగు చక్రాల్లో ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందేమో చూడమనండి. ఈ ప్రాంతపు దుమ్ముకి ఎయిర్‌ ఫిల్టర్‌ తొందరగా మూసుకుపోతుంది, దాన్ని మారిస్తే బండి పికప్‌ మెరుగవుతుంది. ఇవన్నీ బాగుంటే ఏ నెలలో ఎంత వచ్చిందో రాసిన కాగితం సర్వీస్‌ అడ్వైజర్‌ ముందు పెట్టి, జాబ్‌ కార్డులో ఆ అంకెలు రాయించండి.