బిల్లులో ఉన్నదంతా కంచంలోకి వస్తుందా?

2023 జూలై 20 గుర్తుందా మీకు? బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఇండియా ఆపేసిందని వినగానే మన ఇండియన్ షాపులకి పరుగులు పెట్టాం. ఒక్క సోనా మసూరి బ్యాగు కోసం వెళ్ళి, దొరికినన్ని కార్లో వేసుకొచ్చాం. ఆ నెల బిల్లు చూసి ఎవరైనా లెక్క కడితే, "వీళ్ళు పూటకి ఎంత అన్నం తింటారో!" అనుకుంటారు. మనం తిన్నది ఎప్పటిలా రెండు గరిటెలే. మిగతాది గరాజ్‌లో కూర్చుంది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మొన్న మా ఆయనకి షుగర్ బోర్డర్‌లో ఉందని రిపోర్టు వచ్చింది. నేను నమ్మలేదు. ఫ్రీమాంట్‌లో కొన్న సరుకుల బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నా. కొర్రలు, పెసరపప్పు, పాలకూర, మెంతికూర... స్వీటన్న మాటే లేదు. బిల్లు చూస్తే మాది మునుల కాపురం! అప్పుడు ఆయనే మెల్లగా చెప్పారు: ఆఫీసు లంచ్, మీటింగుల్లో కుకీలు, శనివారం పాట్‌లక్‌లు. ఇవేవీ మా బిల్లుల్లో లేవు.

మీ ఇంట్లోనూ చూసుకోండి. 2022-23 నుంచి కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లో అడిగిన పిల్లలందరికీ టిఫినూ, లంచ్ ఉచితం. అది మన బిల్లుకి ఎక్కదు. అమ్మ సూట్‌కేసులో తెచ్చిన ఆవకాయ, సున్నుండలు అసలే ఎక్కవు. అటు బిల్లెక్కినా నోటికి చేరనివీ ఉన్నాయి. చవగ్గా వస్తుందని కాస్ట్‌కోలో కొన్న పాలకూర డబ్బాలో సగం గ్రీన్ బిన్ పాలే కదా! 2010 లెక్కల్లో అమెరికా వ్యవసాయ శాఖ అంచనా ప్రకారం ఇక్కడి ఆహారంలో 31 శాతం దుకాణాల్లో, తినేవాళ్ళ దగ్గర పోతోంది. అందులో 21 శాతం తినేవాళ్ళ దగ్గరే.

ఈ తిరకాసు సర్వేల వాళ్ళకీ కొత్త కాదు. ఇండియాలో ఇంటి ఖర్చుల సర్వేలో చుట్టాలకి వండిపెట్టిన భోజనం కూడా వండిన ఇంటి లెక్కలోకే వస్తుంది. అందుకే పోషణ సంగతి తేలాలంటే వేరే పద్ధతి పట్టారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు, "నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారు?" అని మనిషి మనిషినీ విడిగా అడుగుతారు. అమెరికాలో ప్రభుత్వ పోషణ సర్వేలోనూ ఇదే ప్రశ్న.

మనిషి మనిషినీ అడగడంలోనే ఉంది అసలు విషయం. 20 పౌండ్ల బ్యాగు అంటే సుమారు 9 కిలోలు. నలుగురికి నెల రోజులొస్తే మనిషికి రోజుకి 75 గ్రాములు. కానీ ఆ నలుగురూ సమానంగా తిన్నారని ఏ బిల్లు చెబుతుంది?

నేను మూడు రోజులు పుస్తకంలో రాశాను. రెండు పనిరోజులు, ఒక శనివారం. ఇంట్లో అందరివీ రాశాక చూస్తే, నా పేరు కింద ఉన్నది ఇది: కాఫీ, పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, కాఫీ, నిన్నటి అన్నంలో పెరుగు. ఆకుకూర అందరికీ వడ్డించాను, నా కంచంలోకే రాలేదు. షుగర్ ఆయనకని కంగారుపడ్డాను గానీ, నేనేం తింటున్నానో నాకే తెలీదు.

మీరూ ఓ మూడు రోజులు రాసి చూడండి. నిలబడి నోట్లో వేసుకున్నవి కూడా రాయండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. ముందుగా మీ పేరుతోనే మొదలుపెట్టండి, సరేనా?