సంపన్నుల నడుమ ‘మహ్రూమ్’ ఎవరు?

తెలుగులో మనం నిత్యం వాడే ‘హక్కు’ అను మాట అరబ్బీలోని ‘హఖ్’ నుండి ఉర్దూ మీదుగా వచ్చినది. భూమి హక్కు, ఓటు హక్కు అనునపుడు ఆ సంగతి మనకు స్ఫురించదు. కాని పేదరికమును గూర్చి ఆలోచించునపుడు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట అవసరం. దివ్య ఖుర్ఆన్‌లోని మఆరిజ్ సూరా (70: 24, 25) విశ్వాసుల సంపదలో ఇతరులకు గల భాగమును దయ అని పిలువలేదు, ‘హఖ్’ అన్నది, అదియు నిర్ణీతమైన హఖ్ అన్నది. దానికి అర్హులు ఇద్దరు: అడుగువాడు (సాయిల్), వంచితుడు (మహ్రూమ్).

అడుగువానిని గుర్తించుట సులభం. మరి మహ్రూమ్ ఎవరు? ఆత్మాభిమానంచే చేయి చాపనందున పేదవాడని లోకం గుర్తించనివాడే మహ్రూమ్ అని వ్యాఖ్యాతలలో పలువురు వివరించారు. బఖరా సూరా (2: 273) కూడ ఇట్టివారిని ప్రస్తావించి, తెలియనివాడు వారిని కలవారనే భ్రమపడునని హెచ్చరించుచున్నది.

ఈ హెచ్చరిక మన కాలమునకు ఎట్లు వర్తించునో చూడుడు. తెలంగాణ సంపన్న రాష్ట్రం. 2023-24లో ఇచ్చటి తలసరి ఆదాయం 3 లక్షల 40 వేల రూపాయలను మించినది. దేశపు సగటు ఇందులో సగమునకు కొంచెమే ఎక్కువ. అయినను మా సీతాఫల్‌మండి నుండి విశ్వవిద్యాలయ ఆవరణ మీదుగా తార్నాకకు నడచువారికి ఆ సగటు అందరి ఇండ్లలో లేదని తెలియును. సగటు అనునది పంచిన లెక్కయే గాని, పంచిన సొమ్ము కాదు.

ఈ లోటును పూడ్చుటకు ప్రభుత్వాలు పూనుకొనకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకమును ప్రారంభించినది. 2013లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ ఆహార భద్రత చట్టం అర్హతగల కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును చట్టబద్ధమైన హక్కుగా చేసినది. ఒకనాడు పాలకుని వాగ్దానమైనది ఈనాడు పౌరుని హక్కు అయినది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే హక్కు కాగితం మీద ఉండుట వేరు, చేతికందుట వేరు. తెలంగాణలో 2016 నుండి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయినవి. వాహనములు, ఆస్తులు మున్నగు వివరములను వివిధ శాఖల దస్తరముల నుండి తెచ్చి కంప్యూటర్ పోల్చి చూచి, కలవారని తోచిన వారిని తొలగించినది. ఇంటికి వెళ్లి విచారించలేదన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు వరకు పోయినది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలెనని 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానం ఆదేశించినది. పత్రికలలో వచ్చిన ఒక ఉదంతంలో, హైదరాబాదు రిక్షా కార్మికుని పేరు కారు గల మరొకరి పేరును పోలియుండుటచే ఆ కుటుంబం కారు గలదిగా నమోదైనది. సయ్యద్‌లు, ముహమ్మద్‌లు ప్రతి వీధిలో ఉన్న మన ఊరిలో ఇట్టి పొరపాటు ఎంత సులభమో చెప్పనక్కరలేదు. లేనివానిని కలవాడని భ్రమపడుట అనగా ఇదే.

అనర్హులను ఏరివేయరాదా అని ఎవరైన అడుగవచ్చు. ఏరివేయవలసినదే, ప్రజాధనం అమానతు. కాని అనర్హునికి ఇచ్చినచో కొంత బియ్యం వృథా అగును. అర్హునికి నిరాకరించినచో ఒక ఇంట పొయ్యి వెలుగదు. ఈ రెండు తప్పులు సమానం కావు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలమున పాలు మాన్పించిన బిడ్డలకే బైతుల్‌మాల్ నుండి భత్యం ఇచ్చు నియమం ఉండెడిది. ఒక రాత్రి గస్తీలో ఆయన ఆగక ఏడ్చుచున్న ఒక పసిబిడ్డను గూర్చి విచారించగా, భత్యం కొరకు తల్లి వేళకు ముందే పాలు మాన్పించుచున్నదని తేలినది. ఆయన తల్లిని దండించలేదు. తన నియమమునే తప్పుపట్టి, పుట్టిననాటి నుండే భత్యం ఇప్పించినారు. ఖజానాను కాపాడుటకు పెట్టిన షరతు పసివానిపై పడినదని ఆయన దస్తరములో చదువలేదు. వీధిలో నడచి తెలిసికొన్నారు.

ప్రభుత్వమును అడుగుటకు ముందు మనలను మనం అడుగుకొందము. రమజాన్‌లో జకాత్ పుచ్చుకొనుటకు వచ్చిన స్త్రీలను మన గుమ్మముల ముందు గంటల తరబడి నిలబెట్టుట హక్కును చెల్లించు పద్ధతియేనా? వరుసలో నిలబడుటకు రానివారి ఇంటికి మనం ఎన్నడైన పోయితిమా? ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలో కార్డు రద్దయిన ఇండ్లు ఎన్ని, కార్డే లేని ఇండ్లు ఎన్ని అని విచారించి, దరఖాస్తు వ్రాయనేరని వారికి వ్రాసిపెట్టి, కార్యాలయమునకు తోడు పోయినచో అదియు జకాత్ వంటి సేవయే. 2025లో కొత్త కార్డుల పంపిణీ మరల మొదలైనది. అడుగువారు తమంతట తాము పోయి తెచ్చుకొందురు. మహ్రూమ్‌లను వెదకుకొని పోవలసినవారము మనమే.