“ఎక్కడున్నావ్?” అని నెట్‌వర్క్ మొత్తాన్నీ అడగడం ఎలా? యూనిక్స్‌లో బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ల కథ

ఫోన్‌లో టీవీ రిమోట్ యాప్ ఓపెన్ చేయగానే మన టీవీ పేరు దానంతట అదే కనిపిస్తుంది కదా. ఐపీ అడ్రస్ మనం ఎక్కడా టైప్ చేయలేదు, మరి యాప్‌కి ఎలా తెలిసింది? ఇలాంటి యాప్‌లు చాలావరకు బ్రాడ్‌కాస్ట్ గానీ, మల్టీకాస్ట్ గానీ వాడతాయి. బ్రాడ్‌కాస్ట్ సంగతి నాకు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాకే అర్థమైంది.

నా దగ్గర ఒక రాస్‌బెర్రీ పై ఉంది. కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా దాని ఐపీ మారిపోతోంది. తెల్లారితే కాలేజీలో ప్రాజెక్ట్ డెమో. సీ లో చిన్న ప్రోగ్రామ్ రాసి దాన్ని వెతికిద్దాం, ఎంతసేపు పడుతుందిలే అనుకుని కూర్చున్నా. మూడు చోట్ల దెబ్బతిన్నాను.

1. పంపేటప్పుడు

యూడీపీ సాకెట్ తెరిచి 255.255.255.255కి సెండ్‌టు కొడితే “పర్మిషన్ డినైడ్” అని వచ్చింది. సుడో పెట్టినా అదే. ఇది రూట్ గొడవ కాదు. పొరపాటున అందరికీ ప్యాకెట్ వెళ్లిపోకుండా కెర్నల్ వేసిన తాళం. సెట్‌సాక్‌ఆప్ట్‌తో ఎస్‌ఓ_బ్రాడ్‌కాస్ట్ ఆప్షన్‌ని 1 చేస్తే తాళం తీసినట్టే. టీసీపీతో మాత్రం ఈ పని జరగదు, అది ఇద్దరి మధ్య కనెక్షన్.

వైఫై, కేబుల్ రెండూ ఉన్న లాప్‌టాప్‌లో 255.255.255.255కి పంపింది లినక్స్‌లో ఒక దారిలోనే వెళ్తుంది. అందుకే నేను సబ్‌నెట్ అడ్రస్ వాడతాను. మాస్క్ 255.255.255.0 అయితే అది 192.168.1.255 లాగా ఉంటుంది. ఏది వాడినా కింద ఈథర్నెట్ అడ్రస్‌లో 48 బిట్లూ 1లే. ఇంట్లో పంపింది రౌటర్ దాటి బయటికి పోదు. బయటి నుంచి మన సబ్‌నెట్‌కి వచ్చే బ్రాడ్‌కాస్ట్‌లను కూడా రౌటర్లు డిఫాల్ట్‌గా ఆపేయాలని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 చెప్పింది. అప్పట్లో స్మర్ఫ్ దాడులు వీటి మీదే నడిచేవి మరి.

2. అందుకునేటప్పుడు

పై లో సాకెట్‌ని దాని సొంత ఐపీకే బైండ్ చేశాను. ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు! లినక్స్‌లో అలా చేస్తే ఆ ఐపీకి నేరుగా వచ్చినవే సాకెట్‌కి చేరతాయి. 0.0.0.0కి బైండ్ చేయగానే వరసగా వచ్చేశాయి. పోర్ట్ నంబర్ రెండు వైపులా ఒకటే ఉండాలి, మర్చిపోకండి.

3. గుర్తుపట్టేటప్పుడు

వచ్చింది బ్రాడ్‌కాస్టా, నాకొక్కడికే పంపిందా? రిసీవ్‌ఫ్రమ్ ఎవరు పంపారో చెబుతుంది గానీ, ఏ అడ్రస్‌కి పంపారో చెప్పదు. లినక్స్‌లో ఐపీ_పీకేటీఇన్ఫో ఆన్ చేసి రిసీవ్‌మెసేజ్ వాడితే గమ్యం అడ్రస్ కూడా చేతికొస్తుంది. బీఎస్‌డీల్లో దీనికి ఐపీ_ఆర్‌ఈసీవీడీఎస్‌టీఏడీడీఆర్ ఉంది. జవాబు మాత్రం అడిగినవాడికే నేరుగా పంపాలి. అందరూ అందరికీ అరిస్తే వైఫై ఊపిరాడక చస్తుంది. ఇంకో మాట, పంపిన మెషీన్ అదే పోర్ట్‌లో వింటుంటే తన కేక తనకే వినిపిస్తుంది, దాన్ని వదిలేయాలి.

కోడ్ రాయకుండా చూడాలంటే టీసీపీడంప్‌కి “ఈథర్ బ్రాడ్‌కాస్ట్” ఫిల్టర్ ఇవ్వండి. మీ ఇంట్లో ఏ గాడ్జెట్ ఎన్నిసార్లు కేకలేస్తోందో తెలిసిపోతుంది.

పొద్దున కాలేజీకి వెళ్తే మళ్లీ నిశ్శబ్దం. కోడ్ బాగానే ఉంది, అక్కడి వైఫైలో ఒక డివైస్ ఇంకోదానితో మాట్లాడకుండా ఐసోలేషన్ పెట్టారు. పై లో నా ఫోన్ హాట్‌స్పాట్ ముందే సేవ్ చేసి ఉంది కాబట్టి బతికిపోయా. రెండింటినీ దానికి కలపగానే “ఇక్కడున్నా” అని జవాబు వచ్చింది.

ఈసారి ఏదైనా యాప్ “డివైస్ నాట్ ఫౌండ్” అంటే గాడ్జెట్‌ని తిట్టే ముందు రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా, అది గెస్ట్ నెట్‌వర్కా అని చూడండి. ఐఫోన్‌లో అయితే, ఐఓఎస్ 14 నుంచి వచ్చిన లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇచ్చారో లేదో కూడా చూసుకోండి.