లేసు పనిలో పూసల గుర్తులు

లేసు నల్లు వారికందఱకును తెలిసిన కష్టమొకటి కలదు. వరుస నడుమ నెవరో పిలుతురు. లేచి వచ్చునప్పటికి లెక్క తప్పియుండును. ఎన్ని కుట్లు వేసితిమో, ఈ చుట్టు ఎచ్చట మొదలైనదో చేతికిని కంటికిని గూడ తెలియదు. అట్టి సమయమున మనకు తోడ్పడు చిన్న సాధనమే పూసల గుర్తు. దానిని ఇంటియందే చేసికొను విధమును, వాడు విధమును ఈ వ్యాసమున వివరించెదను.

లెక్క తప్పుట స్వల్ప విషయమని కొందఱు తలంతురు. నేను బాల్యమున నొక బల్లగుడ్డ నల్ల నారంభించితిని. మొదటి వరుసకు 80 నిడుపు కుట్లు. అటుపిమ్మట 15 వరుసలు అల్లి చూచుకొనగా గుడ్డ యొక ప్రక్కకు సన్నగిల్లినది. ఎంచి చూడగా మిగిలినవి 65 కుట్లే. పని త్రిప్పునప్పుడు వేయు మూడు గొలుసు కుట్లు ఒక నిడుపు కుట్టుతో సమానము. వాని కొనయందు సూది గ్రుచ్చవలెనని యెఱుగక ప్రతి వరుసకు నొక కుట్టు పోగొట్టుకొంటిని. పదునైదు వరుసలును విప్పవలసి వచ్చినది. ఆ గొలుసు కొనకొక గుర్తు తగిలించియున్నచో మొదటి వరుసయందే తప్పు బయటపడియుండెడిది.

నాకు పోయినది కొన్ని దినముల శ్రమ మాత్రమే. కాని ఈ పనియే జీవనాధారముగా గలవారి మాట వేఱు. గోదావరీ మండలమున నరసాపుర ప్రాంతమునకు 19వ శతాబ్దమున మిషనరీల మూలమున వచ్చిన ఈ లేసు పని వేలకొలది స్త్రీలకు కూడు పెట్టినది. జర్మను పండితురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున ఆ స్త్రీల శ్రమను లోకమునకు తెలిపెను. వారికి కూలి గంటల లెక్కను గాక చేసిన పని లెక్కను లభించును. విప్పిన వరుసకు వెల లేదు. కావున కుట్టు లెక్కయనునది యింటి పొయ్యితో సంబంధించిన విషయము.

గుర్తు ఎట్టిదై యుండవలెనో మొదట తెలిసికొందము. రెండు సూదులతో ఊలు నల్లునప్పుడు కుట్లన్నియు సూదిమీదనే నిలిచియుండును గనుక మూసిన ఉంగరమైనను సూదికి తొడిగి గుర్తుగా వాడవచ్చును. లేసు పనిలో నట్లు గాదు. కొక్కెపు సూదిమీద సాధారణముగా నొక యుచ్చు మాత్రమే నిలుచును. తక్కిన కుట్లన్నియు ముగిసి క్రిందనే యుండును. మూసిన ఉంగరమును ముగిసిన కుట్టునకు తగిలించితిమేని దానిని మఱల తీయుటకు దారి లేదు. కాబట్టి లేసు పని గుర్తు తెఱచి మూయుటకు వీలైనదిగా నుండవలెను.

ఇందుకు తగినది, కొన్ని చెవి జూకాల వెనుక నుండు మూతగల కొక్కెము. దానితోపాటు కావలసినవి: గుండుసూదివలె నొకకొన తలగల, సుమారు 5 సెంటీమీటర్ల నిడివిగల సన్నని తీగ, నునుపైన రెండు మూడు పూసలు, గుండ్రని కొనలుగల చిన్న పట్టుకారు, తీగ కత్తిరించు సాధనము. తీగ 0.6 మిల్లీమీటర్ల మందముండిన చాలును. పూస బెజ్జము తీగకు సరిపోవునో లేదో ముందుగా చూచుకొనవలెను. గాజు పూసలు శ్రేష్ఠములు. కరగిన గాజును గొట్టముగా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేయు ప్రాచీన విద్యకు మన దేశమున తిరుపతి సమీపమందలి పాపానాయుడుపేట ప్రసిద్ధి కెక్కినది.

ఇక చేయు విధము. మొదట చిన్న పూసను, పిదప పెద్దదానిని, మఱల చిన్నదానిని తీగకు గ్రుచ్చవలెను. తీగ తల పూసలు జాఱకుండ నాపును. పై పూసను ఆనుకొని తీగను ప్రక్కకు వంచవలెను. సుమారు ఒక సెంటీమీటరు మిగిల్చి తక్కినది కత్తిరింపవలెను. మిగిలిన తీగ కొనను పట్టుకారుతో పట్టుకొని, పూసలకు సరిగా నడిమిని వచ్చునట్లు గుండ్రముగా చుట్టవలెను. అప్పుడు చిన్న వలయ మేర్పడును. దానిని కొంచెము తెఱచి, జూకా కొక్కెపు క్రింది కన్నమునకు తగిలించి, మఱల మూయవలెను. వలయమును తెఱచునప్పుడు కొనలను ఎడముగా లాగరాదు; ఒక కొనను ముందునకు, ఒక కొనను వెనుకకు మెలిపి తెఱవవలెను. అట్లు చేసిన వలయపు గుండ్రదనము చెడదు.

ముగిసిన పిమ్మట పరీక్ష యొకటి కలదు. సన్నని దారపు పోగును గుర్తుమీద నన్ని వైపులను మెల్లగా రాయవలెను. ఎచ్చటనైన చిక్కుకొన్నచో నచ్చట తీగ మొన లేచియున్నదనియో, వలయము పూర్తిగా మూయబడలేదనియో గ్రహింపవలెను. దానిని సరిచేయక లేసునకు తగిలింపరాదు. గుర్తు బరువుగా నుండుటయు మంచిది కాదు. సన్నని నూలు కుట్టు ఆ బరువునకు సాగిపోవును.

వాడుకలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, పొడుగైన గొలుసు నెంచుట. 150 గొలుసు కుట్లు వేయవలసియున్నచో ప్రతి 25వ కుట్టునకు గుర్తు తగిలించిన, లెక్క తప్పినను మొదటినుండి యెంచ నక్కఱలేదు. రెండవది, చుట్టు పని. పొట్టి కుట్టుతో చదునైన వలయము నల్లునప్పుడు మొదటి చుట్టునకు 6, రెండవ దానికి 12, మూడవ దానికి 18, ఇట్లు చుట్టునకు ఆఱేసి కుట్లు పెరుగును. చుట్టులను కలుపక శంఖపు వరుసగా నల్లునప్పుడు చుట్టు మొదలు కానరాదు. కావున ప్రతి చుట్టు మొదటి కుట్టునకు గుర్తు తగిలించి, తిరిగి యచ్చటికి వచ్చినప్పుడు దానిని తీసి, క్రొత్త కుట్టునకు తగిలింపవలెను. మూడవది, నేను పొరపడిన త్రిప్పు గొలుసు కొన. నాలుగవది, పని విడిచి లేచునప్పుడు సూదిమీది యుచ్చునకు గుర్తు తగిలించుట. అప్పుడు సూది జాఱిపోయినను అల్లిక యూడదు. చుట్టు మొదలునకు ఎఱ్ఱపూస, లెక్కకు నీలిపూస అని యేర్పరచుకొన్నచో మఱింత సులభము.

జాగ్రత్తలు కొన్ని కలవు. ఇనుప వస్తువు తుప్పుపట్టి తెల్లని లేసుపై మచ్చ చేయును. ఇత్తడియు చిలుము పట్టును. కావున ఉదుకుటకు ముందు గుర్తులన్నియు తీసి, ఎంచి, పొడి డబ్బాలో దాచవలెను. చిన్న బిడ్డలు పూసలను మ్రింగు ప్రమాదము గలదు గనుక వారికి అందనీయరాదు. బిడ్డల టోపీలలోను బొమ్మలలోను గుర్తు మిగిలిపోకుండ చూచుకొనవలెను. పూసలు కొనలేనివారు చింతింపనక్కఱలేదు. వేఱు రంగు దారపు ముక్కను కుట్టులో దూర్చిన నదియు గుర్తే. మామూలు పిన్నీసునకు మాత్రము కొనయందు చుట్ట యుండును. దానిలో దారము చిక్కుకొనును గనుక అది తగదు.

గుర్తులు పెట్టుకొనుట పని చేతకానివారి లక్షణమని బాలికలు కొందఱు సిగ్గుపడుదురు. అది పొరపాటు. యాకోబు తాను మేల్కొనిన చోట రాతిని నిలిపెను. యొర్దాను దాటినవారు పండ్రెండు రాళ్లను నిలిపిరి. మఱచుట మానవ స్వభావమని యెఱిగినవారే గుర్తు నిలుపుదురు. లెక్క తప్పినదని పనిని మూల పడవేసిన బాలిక యెవతెయైన నీ పాఠశాలలో నున్నచో, ఆమె దానిని మఱల చేతబట్టి, తప్పు జరిగిన చోటికి మాత్రమే విప్పి, అచ్చట నొక పూసను తగిలించి ముందునకు సాగునుగాక.